తలవాల్చిన శయ్యపై శ్వాస

రోబో సహాయముతో చేయు శస్త్రచికిత్సను గూర్చి మనకు వినవచ్చు ప్రశంసలన్నియు గాయమును గూర్చినవే. కోత చిన్నది, నెత్తురు పోవుట తక్కువ, నొప్పి స్వల్పము, రోగి త్వరగా లేచి నడచును, మనుష్యుని చేయి దూరని మూలలయందు సైతము ఉక్కువ్రేళ్ళు వణకు లేక కుట్లు వేయును. ఇవి చాలవరకు నిజములే. అయితే ఆ మూడు నాలుగు గంటలును స్పృహ లేక పడియున్న మనిషి ఊపిరితిత్తులు ఏమి యనుభవించినవి, వానికి గాలి నందించిన వెంటిలేటరు ఎంత ఒత్తిడితో నందించినది, మరుసటివారము ఇంటిలో కలిగిన ఆయాసమునకును ఆనాటి ఒత్తిడికిని సంబంధ మేమైన కలదా అను ప్రశ్నలు మత్తువైద్యుల సభలలో పలుమారు చర్చకు వచ్చినను రోగియొక్క చెవిని బడుట అరుదు. ఈ ప్రశ్నలపై గడచిన కొన్ని దశాబ్దులలో లోకమున జరిగిన పరిశోధన యేమి తేల్చినదో, ఏమి తేల్చలేకపోయినదో, అందులో మెదకువంటి పట్టణమునకు పనికివచ్చున దెంతయో పరిశీలించుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మెదకు పట్టణమున రోబో యంత్రము లేదు. ప్రోస్టేటు గ్రంథికో, గర్భాశయమునకో, పెద్దప్రేగునకో అట్టి ఆపరేషను కావలసినవారు నూరు కిలోమీటర్ల దూరములోని పట్నమునకు పోవలసినదే. హైదరాబాదులో కార్పొరేటు దవాఖానలకు చాలకాలము పరిమితమైయుండిన యీ చికిత్స 2023లో నిమ్స్‌లో, అనగా నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో, ప్రవేశించుటతో ప్రభుత్వ వైద్యమునందును దానికి చోటు దొరకినది. 2022 సెప్టెంబరులో అక్కన్నపేట మీదుగా మెదకునకు రైలు వచ్చినది గనుక పయనమును కొంత సులభమైనది. కాని యీ చికిత్సకు మొదలును తుదియు పట్నములో లేవు. ఆపరేషనుకు ముందటి నెలరోజులు రోగి మెదకులోనే యుండును. తరువాత మూడవనాడో నాలుగవనాడో చీటితో మందులతో తిరిగి మెదకునకే వచ్చును. ఊపిరితిత్తుల భాగ్యము నిర్ణయింపబడు మూడు ఘట్టములలో రెండు ఇక్కడనే జరుగుచున్నవి. పరిశోధన అంతయు చదివిన పిమ్మట నాకు కలిగిన ముఖ్యాభిప్రాయమును ఇదియే: వెంటిలేటరుపై త్రిప్పు మీటలకన్న, రోగిని ముందుగా సిద్ధపరచుటయు పిదప కనిపెట్టుకొనియుండుటయు ఎక్కువ ఫలమిచ్చుచున్నవని.

ఊపిరిని గూర్చిన యీ విచారమునకు మన ప్రాంతముతో పూర్వసంబంధ మొకటి కలదు. మెదకు నిజాము రాజ్యములోనిదై యున్న దినములలో, 1888లో ఒకసారియు 1889లో మరియొకసారియు, హైదరాబాదు క్లోరోఫారము కమిషను పేర ప్రయోగములు జరిగినవి. రెసిడెన్సీ శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ లారీ వీనికి ప్రాణము; ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ధనము నొసగెను; రెండవ కమిషనుకై ఇంగ్లండునుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ ఔషధశాస్త్రజ్ఞుని రప్పించుటకు వేయి పౌనులు నిజామే భరించెను. క్లోరోఫారము ఇచ్చునపుడు మరణము సంభవించినచో అది మొదట శ్వాస ఆగుటచేతనేయనియు, కాన నాడిని గాక ఊపిరిని గమనించుచుండవలెననియు వారు తీర్మానించిరి. తీర్మానములో సగము తప్పు. గుండె తనంత తానుగా నిలిచిపోవుటయు కలదని 1911లో లెవీ అను ఆంగ్లేయుడు పిల్లులపై చేసిన ప్రయోగములతో నిరూపించెను. ఐనను ఊపిరినుండి కన్ను మరల్పవలదను లారీ బోధ మాత్రము నేటికిని చెల్లుచున్నది. ఆ దినములలో హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివి క్లోరోఫారము నిచ్చు పనిలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచమున మొదటి మహిళా మత్తువైద్యురాలిగా పేర్కొనుచున్నారు. ఈ విద్య మన ప్రాంతమునకు నిన్నమొన్న వచ్చినది కాదని తెలుపుటకే యీ ముచ్చట నింతగా చెప్పితిని.

లారీ కాలమున రోగి తన ఊపిరిని తానే పీల్చుకొనెడివాడు. నేటి పెద్దాపరేషనులో కండరములను సడలించు మందుచే శ్వాసకండరములు పూర్తిగా ఊరకుండును. గొంతులోనికి ట్యూబు దింపి యంత్రమే గాలిని త్రోయును. 1952లో కోపెన్‌హేగను నగరమున పోలియో ప్రబలినపుడు బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుని సలహాపై వైద్యవిద్యార్థులు వంతులవారీగా కూర్చుండి చేతిసంచులతో రోగుల ఊపిరితిత్తులలోనికి గాలి నొత్తి వందలమంది ప్రాణములు నిలిపిరి. ఒత్తిడితో గాలి నంపు పద్ధతి ఆపరేషను గదిని దాటి లోకప్రసిద్ధి నొందినది అప్పటినుండియే. సహజశ్వాసయందు ఛాతి విచ్చుకొని గాలిని తనలోనికి లాగికొనును. యంత్రశ్వాసయందు గాలి బయటినుండి త్రోయబడును. ఈ తారుమారుకు మూల్యము కలదని 1963లో బెండిక్సెన్ మొదలగువారు చూపిరి: మత్తులో యంత్రశ్వాసపై నుండగా కాలము గడచినకొలది రక్తములో ప్రాణవాయువు తగ్గుచున్నదనియు, గాలిగదులు ముడుచుకొనుటయే దీనికి కారణము కావచ్చుననియు వారి ఊహ. 1985లో స్వీడను దేశపు వైద్యులు సీటీ స్కానులో ఆ ముడుతలను కంటికి కనబరచిరి. మత్తిచ్చిన కొలదినిమిషములకే, ఊపిరితిత్తుల అడుగుభాగమున, వీపువైపున, ఏకిన దూదిని అదిమినట్లు గాలి లేని చారలేర్పడును. ఆరోగ్యవంతులలో సైతము పదిమందిలో తొమ్మిదిమందికి ఇది కలుగును. వెల్లకిల పరుండుటచేత ఊపిరి వదలిన పిమ్మట లోపల మిగులు గాలి ముప్పాతిక లీటరునకు పైగా తగ్గును. మత్తు దానినుండి మరి అరలీటరు వరకు హరించును.

ఇది మామూలు ఆపరేషను మాట. రోబో ఆపరేషను దీనిపై మూడు బరువులు మోపుచున్నది. మొదటిది కడుపులోనికి ఎక్కించు బొగ్గుపులుసు వాయువు. పొత్తికడుపులో చోటు కల్పించుటకై దానిని సాధారణముగ 12 మొదలు 15 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడితో నింపుదురు. నీటిమట్టపు లెక్కలో 15 మిల్లీమీటర్లనగా సుమారు 20 సెంటీమీటర్లు. ఊపిరితిత్తులను తెరచియుంచుటకు యంత్రము సాధారణముగ నొసగు అడుగుపీడనము 5 సెంటీమీటర్లు మాత్రమేయని గుర్తుంచుకొన్నచో ఉదరవితానము, అనగా డయాఫ్రం, ఏ దిక్కునకు నెట్టబడునో వేరుగ చెప్పనక్కరలేదు. రెండవది శయ్య. ప్రోస్టేటు, గర్భాశయము మున్నగు కటివలయపు ఆపరేషనులయందు ప్రేగులు పైకి జారి చోటు విడువవలెనని రోగిని తల క్రిందుగా, కాళ్ళు మీదుగా, 25 మొదలు 30 డిగ్రీల వరకు, కొన్నిచోట్ల అంతకుమించి కూడ, వాల్చుదురు. 19వ శతాబ్దిలో జర్మను శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ ప్రచారమునకు తెచ్చిన భంగిమ యిది. అపుడు కడుపులోని అవయవముల బరువంతయు డయాఫ్రముపై పడును. మూడవది కాలము. ఈ స్థితి గంటలతరబడి సాగును.

ఈ మూడింటి ఫలము వెంటిలేటరు తెరపై చూచుచుండగనే అగపడును. అంతకుముందు 15 సెంటీమీటర్ల ఒత్తిడితో లోపలికి పోయిన గాలికి ఇపుడు 28, 30 కావలసివచ్చును. ఊపిరితిత్తుల సాగుడుగుణము మూడవవంతో, సగమో తగ్గును. కడుపునుండి రక్తములోనికి పీల్చుకొనబడిన బొగ్గుపులుసు వాయువును వెలిపుచ్చుటకు ఊపిరుల సంఖ్యను పెంచవలసియుండును. కొన్నిసార్లు ఆ వాయువు చర్మము క్రిందికి ప్రాకి మెడయు ముఖమును ఉబ్బును. డయాఫ్రము పైకి జరిగినపుడు గాలిగొట్టము రెండుగా చీలుచోటును దానితోకూడ పైకి వచ్చును. అంతవరకు సరిగానున్న ట్యూబుకొన కదలకయే కుడిశాఖలోనికి దూరి ఎడమ ఊపిరితిత్తికి గాలి లేకుండజేయును. ఎరిగిన మత్తువైద్యుడు కడుపు నింపినపిదప ఒకసారి, తల వాల్చినపిదప మరియొకసారి స్టెతస్కోపుతో రెండు ప్రక్కలను వినును. పిదప వినుటయు కష్టమే. రోబోచేతులు రోగిదేహమునకు తగిలించబడి, నాలుగువైపుల బట్టలు కప్పబడినమీదట ముఖమును సమీపించుటకు చోటుండదు. చేతులు దేహములోనుండగా శయ్యను కదల్చినచో అవయవములు చినుగవచ్చును. రోగి దగ్గినను, కదలినను ప్రమాదమే. అందువలన కండరములను సడలించు మందును తుదివరకు గాఢముగ నుంచవలసివచ్చును. తల క్రిందుగానుండుటచే నాలుక, గొంతు వాచుటయు కలదు గనుక ట్యూబు తీయుటకు ముందు వాపును పరీక్షింతురు.

ఇంతకును ఊపిరితిత్తుల ఉపద్రవములన నేవి? అనుకొననంత ప్రాణవాయువు అవసరమగుట మొదలు గాలిగదులు ముడుచుకొనుట, నెమ్ము చేయుట, ఊపిరితిత్తిచుట్టు నీరు చేరుట, పిల్లికూతలు, తిరిగి ట్యూబు వేయవలసిన శ్వాసవైఫల్యము వరకు అన్నియు ఆ పేరుక్రిందికే వచ్చును. పరిశోధకులందరు వీనిని ఒకే తీరున లెక్కింపరు. ఒకరు రెండుదినములు ఆక్సిజను అవసరమైనదానిని ఉపద్రవమందురు, ఇంకొకరు నెమ్ము అని ఎక్సురేలో తేలినదానిని మాత్రమే లెక్కింతురు. కావున ఒక అధ్యయనపు శాతమును మరియొకదానితో సరిపోల్చునపుడు తొందరపడరాదు.

ఈ హెచ్చరికతో రెండు పెద్ద పరిశీలనలను చూతము. 2013లో 29 దేశములలోని 146 దవాఖానలు కలిసి జరిపిన ‘లాస్ వేగస్’ అధ్యయనమున అన్నివిధముల ఆపరేషనులు పొందిన 9,864 మందిని గమనింపగా 10.4 శాతమునకు ఉపద్రవములు కలిగినవి. రోబోతో ఉదరశస్త్రచికిత్స పొందినవారినే ఎంచుకొని తొమ్మిది దేశములలో 34 దవాఖానలయందు జరిపిన ‘అవతార్’ అను అధ్యయనము 2021లో ప్రకటింపబడినది. అందు చేరిన 905 మందిలో ఇంచుమించు ఐదవవంతు మందికి ఏదో ఒక ఉపద్రవము కనబడినది. గాయము చిన్నది గనుక ఊపిరితిత్తులకు ముప్పు తక్కువ యనుకొనువారికి ఈ సంఖ్య ఆలోచింపదగినది. ఐనను అందులో పెక్కు తేలికపాటివేయనియు, గమనింపు మాత్రమే చేసిన అధ్యయనమునుండి కారణమును నిర్ణయింపజాలమనియు మరువరాదు. కోసి తెరచిన పెద్దకోతకన్న రోబో మేలేయని నేనును నమ్ముచున్నాను. మేలుతోకూడ వచ్చు భారమును మరుగుపరచుటనే యొప్పుకొనను.

ఇక యంత్రమును ఎట్లు నడుపవలెను? మొదటి వివాదము ఒక్కొక్క ఊపిరికి పంపవలసిన గాలి పరిమాణము. ఇరువదవ శతాబ్దిలో చాలకాలము కిలోకు 10 మొదలు 15 మిల్లీలీటర్ల వరకు పంపెడివారు. పెద్ద ఊపిరి గాలిగదులను తెరచియుంచునని విశ్వాసము. 2000 సంవత్సరమున అమెరికాలో తీవ్రముగా దెబ్బతిన్న ఊపిరితిత్తులుగల 861 మంది రోగులపై జరిగిన పరీక్షలో 12 మిల్లీలీటర్లకు బదులు 6 మిల్లీలీటర్ల చొప్పున నిచ్చినపుడు మరణములు 39.8 శాతమునుండి 31 శాతమునకు తగ్గుటతో ఆ విశ్వాసము కూలినది. అతిగా సాగదీయుటచేతనే ఊపిరితిత్తి గాయపడునని రుజువైనది. ఆరోగ్యవంతమైన ఊపిరితిత్తులకును ఇది వర్తించునా యను సందేహమునకు 2013లో ఫ్రాన్సునుండి జవాబు వచ్చినది: ఉదరశస్త్రచికిత్స పొందిన 400 మందిలో చిన్న ఊపిరి, అడుగుపీడనము, అరగంటకొకసారి ముడుచుకొన్న గదులను తెరచు దీర్ఘశ్వాస, ఈ మూడును కలిపి ఇచ్చినవారిలో పెద్ద ఉపద్రవములు 10.5 శాతము కాగా, పాతపద్ధతివారిలో 27.5 శాతము.

ఆ ఫలితము లోకమును ఊపినది. కాని మూడును కలిపి ఇచ్చినపుడు ఏది మేలు చేసినదో తెలియదు. ఆస్ట్రేలియాలో రెండుగంటలకు మించిన ఆపరేషనులు పొందిన పన్నెండువందలమందికి పైగా రోగులలో అడుగుపీడనమును సమముగా 5 సెంటీమీటర్ల వద్ద నుంచి, ఒక పక్షమునకు 6, మరియొక పక్షమునకు 10 మిల్లీలీటర్ల చొప్పున గాలి నంపగా ఉపద్రవములు 38, 39 శాతములుగా దాదాపు సమానముగనే తేలినవని 2020లో ప్రకటించిరి. కావున 6కును 8కిని గల భేదముపై తగవులాడుట అనవసరమని నా అభిప్రాయము. దీనికన్న ఘోరమైన తప్పు ఇంకొకటి కలదు. అది ఏ బరువునకు లెక్క కట్టుచున్నాము అనునది.

ఊపిరితిత్తులు మనిషి పొడవునుబట్టి యుండునుగాని లావునుబట్టి యుండవు. మన ప్రాంతమున నూటయేబది సెంటీమీటర్ల ఎత్తును, డెబ్బదియైదు కిలోల బరువును గల నడివయసు స్త్రీ గర్భాశయపు ఆపరేషనుకు వచ్చుట సామాన్యము. త్రాసుపై చూపిన బరువునకు కిలోకు 8 మిల్లీలీటర్ల చొప్పున లెక్కకట్టినచో ఊపిరికి 600 మిల్లీలీటర్లు వచ్చును. ఎత్తునుబట్టి స్త్రీలకు చేయు లెక్కలో ఆమె ఊపిరితిత్తులకు తగిన బరువు 43 కిలోలు మాత్రమే. దాని ప్రకారము 6 నుండి 8 మిల్లీలీటర్లనగా 260 మొదలు 345 వరకు. అనగా తప్పు లెక్కచేత ఆమె ఊపిరితిత్తులలోనికి తగినదానికి ఇంచుమించు రెట్టింపు గాలి, అదియు డయాఫ్రము పైకి నెట్టబడియున్న వేళ, నిమిషమునకు పదునైదుమార్లు పోవును. పొట్టివారు, స్థూలకాయులు, స్త్రీలు ఈ తప్పునకు ఎక్కువగా గురియగుదురు. దీనిని సవరించుటకు కావలసిన పరికరము గోడకు కొట్టిన కొలబద్ద మాత్రమే. ఆపరేషనుకు ముందు ప్రతి రోగి ఎత్తును కొలిచి చీటిపై వ్రాయు అలవాటు మన దవాఖానలలో స్థిరపడవలసియున్నది.

రెండవ వివాదము అడుగుపీడనమును గూర్చినది. ఊపిరి వదలిన పిమ్మట కూడ లోపల కొంత ఒత్తిడి నిలిపియుంచుటను మత్తువైద్యులు పీప్ అందురు. ఎక్కువ పీప్ గదులను తెరచియుంచునుగదా, అది ఎక్కువైనకొలది మేలుగదా యను ఊహ సహజమే. 2014లో ప్రకటింపబడిన ‘ప్రోవిలో’ పరీక్షలో ఉదరమును కోసి చేసిన ఆపరేషనులలో తొమ్మిదివందలమందిని రెండు పక్షములుగా విభజించి, 12 సెంటీమీటర్ల పీప్‌ను 2 సెంటీమీటర్లకు మించని దానితో పోల్చగా ఉపద్రవములు 40, 39 శాతములు. ఎక్కువ పీప్ పొందినవారి రక్తపుపోటు మాత్రము ఎక్కువగా పడిపోయినది. స్థూలకాయులకైనను మేలుండునేమోయని ఇంచుమించు రెండువేలమందిపై జరిపిన ‘ప్రోబీస్’ పరీక్షలో, 2019లో, 12 సెంటీమీటర్లకు 21.3, 4 సెంటీమీటర్లకు 23.6 శాతముగా ఫలితము వచ్చినది. ఆ భేదము నమ్మదగినంతటిది కాదు.

అందరికి ఒకే అంకె నిచ్చుటయే పొరపాటేమోయని కొందరు వేరొక త్రోవ త్రొక్కిరి. జర్మనీలో రోబోతో ప్రోస్టేటు ఆపరేషను పొందిన నలుబదిమందిపై, ఛాతిచుట్టు కట్టిన పట్టీద్వారా సన్నని విద్యుత్తును పంపి గాలి ఎచటికి పోవుచున్నదో తెరపై చూచుచు, ఒక్కొక్కరికి తగిన పీప్‌ను నిర్ణయించిరి. కావలసివచ్చిన పీప్ సగటున 14 సెంటీమీటర్లు. ఒకరినుండి మరియొకరికి భేదమును చాల ఎక్కువ. ఆపరేషను జరుగునంతసేపు ప్రాణవాయువు మెరుగుగా నుండెను. ట్యూబు తీసినపిదప ఆ మేలు నిలువలేదు. తల వాల్చిన రోగికి 5 సెంటీమీటర్లు చాలకపోవచ్చునని ఇందువలన తెలియుచున్నది. చాలినంత నిచ్చినను ఆ లాభము వార్డువరకు వెంటరాదనియు ఇందువలననే తెలియుచున్నది. ఈ రెండవ మాటపై పరిశోధకులు నిలువవలసినంతగా నిలువలేదని నాకు తోచుచున్నది.

2015లో బ్రెజిలు దేశీయుడు అమాటో మొదలగువారు డ్రైవింగ్ ప్రెషరు అను కొలతకు ప్రాధాన్య మిచ్చిరి. ఊపిరి లోనికి నిండిన చివర నిలకడగానున్న ఒత్తిడినుండి పీప్‌ను తీసివేయగా మిగిలినదే యిది. తీవ్రముగా దెబ్బతిన్న ఊపిరితిత్తులలో ప్రాణాపాయముతో మిక్కిలి దగ్గరి సంబంధము గలది ఇదియేయని వారు చూపిరి. దీనినిబట్టి పీప్‌ను అమర్చు పద్ధతి ఆపరేషను గదులలోనికి వచ్చినదిగాని, రోబో రోగులయందు ఇక్కట్టు కలదు. డయాఫ్రముపై బరువుచేత పెరిగిన ఒత్తిడిలో కొంత ఊపిరితిత్తులది కాక ఛాతిగోడది. తెరపైని అంకె పెరిగినంతమాత్రమున ఊపిరితిత్తి అంతగా సాగినదని చెప్పలేము. ఒత్తిడిని స్థిరముగానుంచు పద్ధతి మేలా, పరిమాణమును స్థిరముగానుంచు పద్ధతి మేలా యను చర్చయందు ఉపద్రవముల విషయమున స్పష్టమైన తేడా తేలలేదు. నూటికి నూరుపాళ్ళు ఆక్సిజను నిచ్చుట గాలిగదులను త్వరగా ముడుచునన్నది మాత్రము స్థిరమైన విషయమే. కడుపులోని వాయువు ఒత్తిడిని 8, 10 మిల్లీమీటర్లకు తగ్గించుటకు శస్త్రవైద్యుడు సమ్మతించినచో వెంటిలేటరుపై చేయు యుక్తులనేకము అనవసరమగును. కాన ఆపరేషనుకు ముందే శస్త్రవైద్యుడును మత్తువైద్యుడును మాటలాడుకొనవలెను.

మత్తు దిగు సమయమునకు వత్తము. యూరపులోని 28 దేశములలో 22,803 మంది రోగులను గమనించి 2019లో ప్రకటించిన ‘పాపులర్’ అధ్యయనము, కండరములను సడలించు మందు వాడుటకును ఊపిరితిత్తుల ఉపద్రవములకును సంబంధము కలదనియు, విరుగుడు నిచ్చినను, నరమును తట్టి చూచు యంత్రమును వాడినను ఆ ముప్పు తగ్గినట్లు కనబడలేదనియు తెలిపినది. తగ్గకపోవుటకు కారణమును గూర్చి వాదములు నేటికిని సాగుచున్నవి. రోబో ఆపరేషనులో ఈ మందును తుదివరకు గాఢముగ నుంచుట తప్పదు గనుక, శక్తి నూటికి తొంబదిపాళ్ళు తిరిగివచ్చినట్లు యంత్రముపై చూచినగాని ట్యూబు తీయరాదను నియమము ఇచట మరింత కచ్చితముగ పాటింపదగినది. కన్ను తెరచినాడు, చేయి నొక్కినాడు అను గుర్తులు చాలవు. అట్టివాని గొంతుకండరములు ఉమ్మిని మ్రింగుటకును, దగ్గుటకును ఇంకను అశక్తములై యుండవచ్చును.

ట్యూబు తీసినపిదప ముసుగుద్వారా ఒత్తిడితో గాలి నిచ్చినచో మేలు కలుగునా యని ‘ప్రిజం’ అను పెద్ద పరీక్షలో, ఉదరమును కోసి ఆపరేషను చేసిన నాలుగువేల ఏడువందలమందికి పైగా రోగులపై చూచిరి. 2021లో వచ్చిన ఫలితము శూన్యము. ఇన్ని యంత్రోపాయములు ఇట్లు ఒకదానివెంట నొకటి చేయి జార్చుచుండగా, 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములనుండి వచ్చిన చిన్న పరీక్ష ఒకటి నన్ను ఆశ్చర్యపరచినది. పైకడుపు ఆపరేషనుకు పోవు 441 మందిలో ఒక పక్షమునకు అచ్చువేసిన పుస్తకము నిచ్చి ఊరకుండిరి. రెండవ పక్షమునకు అదే పుస్తకముతోపాటు ఫిజియోథెరపిస్టు ముప్పది నిమిషములు ఎదుట కూర్చుండి, ఆపరేషను పిదప ఊపిరితిత్తులు ఎందుకు ముడుచుకొనునో, మెలకువ రాగానే గంటగంటకు దీర్ఘశ్వాస ఎట్లు తీయవలెనో చెప్పి, చేయించి చూచెను. మొదటి పక్షమున ఉపద్రవములు 27 శాతము. రెండవ పక్షమున 12. అవి కోత పెట్టి చేసిన ఆపరేషనులేగాని రోబోవి కావు. ఐనను నేను చదివిన యంత్రపరీక్షలలో ఇంతటి అంతరమును చూపినది ఆ ఫ్రెంచి పరీక్ష ఒక్కటియే.

ఆ ముప్పది నిమిషములు మెదకులో ఎందుకు జరుగరాదు? ఎవరికి ముప్పు ఎక్కువయో తెలిసికొనుటకు స్పెయినులో కతలోనియా వైద్యులు 2010లో ఏర్పరచిన ‘అరిస్కాట్’ లెక్క చూడుడు. అందులో ఏడు అంశములు: వయస్సు, వ్రేలికి తగిలించి చూచు ఆక్సిజను శాతము, గతమాసమున దగ్గుజ్వరము వచ్చుట, రక్తములో హిమోగ్లోబిను 10కి మించకుండుట, కోత ఉండు చోటు, ఆపరేషను కాలము, అది అత్యవసరమా కాదా యనునది. మొదటి నాలుగింటిని మెదకు దవాఖానలో ఒక పూటలో తెలిసికొనవచ్చును. వ్రేలికి తగిలించు పరికరము 2020 నాటి కరోనా పిదప ఇండ్లలోనే కలదు. నెత్తురు తక్కువగానున్న స్త్రీ మన పల్లెలలో అరుదు కాదు; నెలముందు కనుగొన్నచో ఇనుపమాత్రలతోనో సూదులతోనో సరిదిద్దవచ్చును, ఆపరేషనునాటి ఉదయము కనుగొన్నచో చేయగలిగినది కొంచెము. దగ్గుజ్వరము తగ్గి నెల కానివాని ఆపరేషను, ఆగదగినదైనచో, ఆపుటయే మంచిది.

మన ప్రాంతపు ఊపిరితిత్తులకు ఇంకొక చరిత్ర కలదు. ఉమ్మడి మెదకు జిల్లాలో బీడీలు చుట్టుటయే ఎన్నో కుటుంబములకు జీవనాధారము. ఒడిలో చాట పెట్టుకొని, తునికాకులో తంబాకుపొడి పోసి, ఏండ్లతరబడి ఆ ధూళి నడుమనే స్త్రీలు కూర్చుండిరి. బీడీ త్రాగినవారు పురుషులే యైనను ఆ పొడిని పీల్చినది ఇంటిల్లిపాది. గ్యాసు పొయ్యి రాకముందు ముప్పది నలుబదియేండ్లు కట్టెలపొగలో వండిన అవ్వలు నేడు అరువది దాటి గర్భాశయపు, మూత్రాశయపు ఆపరేషనులకు పోవుచున్నారు. “పొగ త్రాగుదువా” అని అడిగినచో “లేదు బిడ్డా” యని నిజమే చెప్పుదురు. కట్టెల పొయ్యిని గూర్చి, బీడీ చాటను గూర్చి ఎవరును అడుగరు గనుక కేసుషీటుపై వారి ఊపిరితిత్తులు నిర్మలములుగా నమోదగును. ఇట్టివారిని నాలుగడుగులు నడిపించి, మెట్లెక్కించి చూచిన వైద్యుడు కాగితము చెప్పని సంగతిని తెలిసికొనును. బీడీ త్రాగువారు కనీసము నాలుగువారములు ముందు మానినచో ఉపద్రవములు తగ్గునని అధ్యయనములు చెప్పుచున్నవి. ఆపరేషనుకు ముందు హఠాత్తుగ మానినచో తెమడ పెరిగి కీడు కలుగునను పాతభయమునకు ఆధారము దొరకలేదు.

తిరిగివచ్చిన రోగి విషయమున మనకు ఇంకను అశ్రద్ధ యెక్కువ. గాయము చిన్నది గనుక బంధువులు కుట్లను చూచి “మంచిగనే ఉన్నది” అందురు. దీర్ఘశ్వాస సాధనకై పట్నమునుండి తెచ్చిన మూడుబంతుల ప్లాస్టికు పరికరము సంచిలోనుండి వెలికి రాదు. కుట్లు పిగులునేమోయని రోగిని దగ్గనీయరు, లేవనీయరు. చేయవలసినది దీనికి సరిగా వ్యతిరేకము: మడిచిన దుప్పటిని పొట్టకు అదుముకొని దగ్గి తెమడను వెలువరింపవలెను, మంచముపై తల ఎత్తుగా నుంచుకొనవలెను, పూటపూటకు నడువవలెను. జ్వరము, రంగు మారిన తెమడ, మాటలాడుచుండగా ఆయాసము, వ్రేలిపరికరముపై 94కు దిగువ అంకె, వీనిలో ఏది కనబడినను పట్నపు డాక్టరు ఇచ్చిన తేదీకై వేచియుండక అదేదినమున మెదకు దవాఖానకు పోవలెను. ఒక్క కాలు వాచి, హఠాత్తుగ ఛాతినొప్పియు ఆయాసమును వచ్చినచో అది ఊపిరితిత్తులలోనికి ప్రాకిన రక్తపుగడ్డ కావచ్చును గనుక క్షణమైనను ఆగరాదు.

2024లో మెదకులో ప్రభుత్వ వైద్యకళాశాల యేబది సీట్లతో మొదలైనది. అందు చేరిన విద్యార్థులు కొలది సంవత్సరములలో వార్డులలోనికి వత్తురు. రోబో యంత్రమునకై ఆ కళాశాల ఇపుడే ఆరాటపడవలసిన పని లేదని నా దృఢాభిప్రాయము. కోట్లరూపాయల ఆ యంత్రము పట్నములోనే యుండుగాక. వారమునకొక దినము పెద్దాపరేషనుకు పోవువారికై ఒక గది తెరచి, ఎత్తును కొలిచి, వ్రేలిపరికరమును తగిలించి, హిమోగ్లోబిను చూచి, బీడీని పొయ్యిని అడిగి, అరగంట కూర్చుండబెట్టి ఊపిరి తీయుట నేర్పి, ఆ వివరములన్నియు ఒక కాగితముపై వ్రాసి పట్నపు మత్తువైద్యునకు పంపవలెను. తిరిగివచ్చినవారిని అదే గదిలో వారములోపల మరల చూడవలెను. కళాశాలవారును, జిల్లా వైద్యాధికారులును ఈ పనిని ఈ సంవత్సరమే మొదలుపెట్టవలెనని నా ప్రార్థన.